‘అన్‌ఫిట్’ అని రాసిన కాగితం: హెపటైటిస్ బి నుంచి లివర్ క్యాన్సర్ దాకా ఒక ఇంటి కేస్ స్టడీ

"మొలతాడు బిగుతవుతుండాది సార్, చొక్కా ఏమో వదులవుతుండాది" అన్నాడాయన, కుర్చీలో సరిగ్గా కూర్చోకముందే. నేను చదువుకున్న పుస్తకాల్లో ఏదీ ముదిరిన లివర్ జబ్బు గురించి ఇంత సూటిగా చెప్పలేదు. భుజాలూ చేతులూ దవడలూ కరిగిపోతూ పొట్ట ఒక్కటే పెరుగుతోందంటే లోపల నీరన్నా చేరుతుండాలి, గడ్డన్నా పెరుగుతుండాలి. ఆయనకు రెండూ ఉన్నాయి.

నేను నెల్లూరులో జనరల్ ఫిజీషియన్ని, లివర్ స్పెషలిస్టును కాను. ఈ కేసు రాయడానికి రెండు కారణాలున్నాయి. ఒకటి, ఒకే ఇంట్లో అన్నదమ్ములిద్దరికీ ఒకే జబ్బు వచ్చినా కథ మాత్రం ఒకేలా నడవలేదు. రెండోది ఆ ఇంటివాళ్ల పాత ఫైల్లో ఉన్న నా ఓపీ చీటీ. దాని సంగతికి తర్వాత వస్తాను. కుటుంబం ఒప్పుకున్నాకే రాస్తున్నాను. పేర్లు రాయడం లేదు. ఊరు, వృత్తిలాంటి కొన్ని వివరాలు మార్చాను.

2024 జనవరి, సంక్రాంతి అయిపోయిన వారం. ఆయనకు 43 ఏళ్లు. అల్లూరు వైపు రొయ్యల చెరువుల దగ్గర సూపర్‌వైజర్. రాత్రిళ్లు ఏరేటర్లు ఆగకుండా చూసుకోవడం, మేత లెక్క రాయడం పని. రెండు నెలలుగా కుడి డొక్కలో బరువుగా ఉంటోందన్నాడు. అన్నం సహించడం లేదు, రెండు ముద్దలకే కడుపు నిండిపోతోంది. గ్యాస్ అనుకుని మెడికల్ షాపులో మాత్రలు కొనుక్కుని మింగుతున్నాడు. బరువు ఎంత తగ్గావని అడిగితే, దసరాకి మేత బస్తాలు తూచే కాటా మీద ఎక్కినప్పుడు 61 ఉన్నానన్నాడు. నా దగ్గర 54. మందు అలవాటుందా అంటే "పట్టుబడి రోజున సార్, అంతే" అన్నాడు, అంటే చెరువులో రొయ్యలు పట్టే రోజున. పక్కనున్న భార్య కూడా కాదనలేదు. భార్యలు కాదనకపోతే ఆ లెక్క దాదాపు నిజమే అని నా అనుభవం.

అరచేతులు బొటనవేలి దిబ్బ దగ్గర ఎర్రగా కందినట్టున్నాయి. ఛాతీ పైభాగంలో సాలీడు కాళ్లలాంటి సన్నటి ఎర్ర గీతలు నాలుగైదు కనిపించాయి. వేలితో నొక్కితే మాయమై, వదిలితే మధ్యలోంచి మళ్లీ నిండుతున్నాయి. లివర్ పక్కటెముకల కింద నాలుగు వేళ్ల మేర తగిలింది. రాయిలా గట్టిగా, అంచు ఎగుడుదిగుడుగా ఉంది. ఎడమవైపు ప్లీహం కొస కూడా చేతికి అందింది. పొట్టలో కొద్దిగా నీరు చేరింది.

స్కానింగ్ రూము మా ఓపీకి రెండు గదుల అవతల. రేడియాలజిస్టు రిపోర్టు పంపకుండా ఫోన్ చేసి "ఒకసారి మీరే వచ్చి చూడండి" అన్నాడు. ఆయన అలా పిలిచాడంటే స్క్రీన్ మీద ఏముంటుందో ముందే అర్థమవుతుంది. లివర్ కుడి భాగంలో దాదాపు 8 సెంటీమీటర్ల గడ్డ ఉంది. మిగతా లివరంతా ముతకగా, చిన్న చిన్న బుడిపెలతో కనిపించింది, అంటే లివర్ మచ్చలు పడి గట్టిపడే సిర్రోసిస్. పేగుల నుంచి లివర్‌కి రక్తం తెచ్చే పోర్టల్ సిర కుడి కొమ్మలోకి గడ్డ పాకిపోయింది. నన్ను భయపెట్టింది గడ్డ సైజు కన్నా ఆ చివరి విషయమే.

రక్తపరీక్షల్లో లివర్ పనితనం చెప్పే అంకెలు, బిలిరుబిన్ 1.9, ఆల్బుమిన్ 2.9, ఐఎన్ఆర్ 1.4. ప్లేట్‌లెట్లు 88 వేలు. లివర్ క్యాన్సర్‌లో పెరిగే ఆల్ఫా ఫీటోప్రోటీన్, అంటే ఏఎఫ్‌పీ, మామూలుగా 10 లోపు ఉండాల్సింది 4,860 వచ్చింది. హెచ్‌బీఎస్ఏజీ, అంటే హెపటైటిస్ బి ఉందో లేదో చెప్పే పరీక్ష, పాజిటివ్. రక్తంలో హెపటైటిస్ బి వైరస్ మిల్లీలీటరుకు 3.2 లక్షల యూనిట్లు. హెపటైటిస్ సి, హెచ్ఐవీ లేవు.

సిరలోకి మందు ఎక్కించి మూడు దశల్లో బొమ్మలు తీసే ట్రిపుల్ ఫేజ్ సీటీ తీయించాం. ముక్క తీసి పరీక్షకు పంపలేదు. "బయాప్సీ చేయకుండానే క్యాన్సర్ అని ఎట్టా చెప్తారు?" అని వాళ్ల బావమరిది గట్టిగానే అడిగాడు. అడగాల్సిన ప్రశ్నే. మామూలు లివర్‌కి వచ్చే రక్తంలో నాలుగింట మూడు వంతులు పోర్టల్ సిర నుంచే వస్తుంది. క్యాన్సర్ గడ్డ మాత్రం ధమని మీద బతుకుతుంది. అందుకే మందు ఎక్కించిన కొద్ది సెకన్లకు, ధమనుల్లో రక్తం పారే దశలో, గడ్డ లివర్ కన్నా తెల్లగా వెలుగుతుంది. తర్వాతి దశలో చుట్టూ ఉన్న లివర్ తెల్లబడేసరికి గడ్డలోంచి మందు కడిగేసినట్టు పోయి నల్లగా మిగులుతుంది. సిర్రోసిస్ గానీ దీర్ఘకాలపు హెపటైటిస్ బి గానీ ఉన్నవాళ్లలో ఈ రెండూ స్పష్టంగా కనిపిస్తే సూది గుచ్చాల్సిన పనిలేదు. సీటీ ఫిల్ముని కిటికీ వెలుతురుకి పట్టుకుని రెండు బొమ్మలూ పక్కపక్కన చూపించాను. అతను చాలాసేపు చూసి, మరో మాట అడగలేదు.

చీరల షాపు కవర్‌లో ఉన్నవి

మర్నాడు ఆయన భార్య పాత కాగితాలన్నీ ఒక చీరల షాపు ప్లాస్టిక్ కవర్‌లో పెట్టుకుని వచ్చింది. రేషన్ కార్డు జిరాక్సు, పిల్లల టీకాల కార్డులు, కరెంటు బిల్లు, వాటి మధ్య మడతల దగ్గర చిరిగిపోతున్న ఒక పసుపు కాగితం.

అది 2009 నాటిది. కువైట్ పోదామని చెన్నైలో గల్ఫ్ మెడికల్ చేయించుకున్నాడు. హెచ్‌బీఎస్ఏజీ దగ్గర రియాక్టివ్ అని, అడుగున పెద్ద అక్షరాల ముద్ర, అన్‌ఫిట్. ఆ ముద్ర అర్థం ఆయనకు వివరించింది డాక్టరు కాదు, వీసా ఏజెంటు. "రక్తంలో ఏదో ఉండాదంట, మందు తిని ఆరు నెలలాగి మళ్లా రా" అన్నాడట. వాళ్లమ్మ పక్క ఊరికి తీసుకెళ్లి పరగడుపున మూడు రోజులు పసరు పోయించింది. ఉప్పు లేని పథ్యం పెట్టింది. ఆరు నెలల తర్వాత మళ్లీ పరీక్ష చేయిస్తే మళ్లీ పాజిటివ్. ఏజెంటుకిచ్చిన డబ్బు పోయింది. కువైట్ ఆశ వదులుకుని చెరువుల దగ్గర పనికి కుదిరాడు. ఆయన లెక్కలో అది వీసాకి వచ్చిన జబ్బు. వీసా పోయాక జబ్బు కూడా పోయినట్టే అనుకున్నాడు.

నెల్లూరు, ప్రకాశం, కడప జిల్లాల నుంచి గల్ఫ్ పోవాలనుకున్నవాళ్లు ఎందరో ఈ పరీక్ష దాటి వెళ్లినవాళ్లే. అన్‌ఫిట్ అయి ఇంటికొచ్చినవాళ్లను ఆ తర్వాత ఎవరు చూశారు? ఆరోగ్యంగా ఉన్న పాతికేళ్ల కుర్రాళ్లకు హెపటైటిస్ బి పరీక్ష చేసే సందర్భం మన దగ్గర అంత తేలిగ్గా రాదు. గల్ఫ్ మెడికల్ పుణ్యమా అని ఆ అవకాశం దొరికింది, దాన్ని ఏజెంటు చేతిలో పెట్టి వదిలేశాం.

ఏజెంటును తిట్టడం సులువే. అదే కవర్‌లో 2019 అక్టోబరు నాటి నా చీటీ కూడా ఉంది.

అప్పుడు ఆయన జ్వరంతో వచ్చాడు, ఐదో రోజు. అది డెంగీ సీజన్. ఓపీ బయట చెట్టు కింద కూడా జనం కూర్చున్న రోజులు. డెంగీకి చేసే ఎన్ఎస్1 పరీక్ష నెగటివ్, కానీ ఐదో రోజుకి నెగటివ్ రావడం మామూలే. ప్లేట్‌లెట్లు లక్షా నాలుగు వేలు. లివర్ దెబ్బతింటే పెరిగే ఎంజైములు ఏఎస్‌టీ 84, ఏఎల్‌టీ 61. "వైరల్ ఫీవర్, డెంగీ లాంటిది, నీళ్లు బాగా తాగండి, వారం తర్వాత ప్లేట్‌లెట్లు మళ్లీ చూపించండి" అని రాశాను. జ్వరం తగ్గింది, ఆయన రాలేదు. నేను మరిచిపోయాను. ఆ రోజు ఇంకో అరవై మందిని చూసి ఉంటాను.

డెంగీలోనూ ప్లేట్‌లెట్లు తగ్గుతాయి, ఏఎస్‌టీ ఏఎల్‌టీ కన్నా ఎక్కువగా పెరుగుతుంది. సిర్రోసిస్ కూడా కాగితం మీద సరిగ్గా ఇట్లాగే కనిపిస్తుంది. వయసు, ఈ రెండు ఎంజైములు, ప్లేట్‌లెట్లు కలిపి లివర్ ఎంత గట్టిపడిందో అంచనా వేసే లెక్కని ఫిబ్-4 అంటారు. ఇప్పుడు కూర్చుని అప్పటి వయసు 38తో ఆ లెక్క వేస్తే దాదాపు 3.9 వచ్చింది. 3.25 దాటితే లివర్ బాగా గట్టిపడిందని అనుమానించాలి. జ్వరం ఉన్న రోజున ఆ లెక్కకి విలువ తక్కువే, ఒప్పుకుంటాను. కానీ జ్వరం తగ్గాక మళ్లీ చూసి, అంకెలు అలాగే ఉంటే హెచ్‌బీఎస్ఏజీ ఒక్కటి రాసి ఉంటే సరిపోయేది. లేదా "ఇంతకుముందు ఎప్పుడైనా రక్తంలో ఏమైనా ఉందన్నారా?" అని అడిగినా సరిపోయేది. గల్ఫ్ సంగతి చెప్పేవాడే. అడగలేదు.

నా చీటీ చూసి ఆయన నన్నొక్క మాట కూడా అనలేదు. "ఇదిగో సార్, అప్పుడు కూడా మీ కాడికే వచ్చినా" అన్నాడు, పాత పరిచయం గుర్తు చేస్తున్నట్టు. నాకు నోట మాట రాలేదు.

వైరస్ ఏం చేస్తుంది

కామెర్లు అంటే మన జనానికి ఒకటే జబ్బు. వేసవిలో, వానలు పడ్డ కొత్తలో, నీళ్లు కలుషితమై వచ్చేవి ఎక్కువగా హెపటైటిస్ ఎ, ఇ. అవి సాధారణంగా కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి. క్యాన్సర్‌కి దారితీయవు. పసరు వైద్యానికి ఇంత పేరు రావడానికి కారణం ఇదే అనుకుంటాను. మందు వేసినా వేయకపోయినా తగ్గే జబ్బుకి పసరు పోస్తే పేరు పసరుకే వస్తుంది. పెద్దయ్యాక హెపటైటిస్ బి సోకినా నూటికి 95 మందికి పైగా శరీరం దాన్ని వదిలించుకుంటుంది. అక్కడా పసరే గెలుస్తుంది. పుట్టుకలోనే సోకిన బిడ్డకు మాత్రం నూటికి తొంభై పాళ్లు అది జీవితాంతం ఉండిపోతుంది. కామెర్లు కూడా రాకుండా, ఏ లక్షణమూ లేకుండా ఉంటుంది. అందుకే అసలు ప్రమాదంలో ఉన్న మనిషి పసరు దగ్గరికీ పోడు, డాక్టరు దగ్గరికీ రాడు.

లోపల జరిగేది మా కాంపౌండరుకి ఒకసారి ఇలా చెప్పాను. తహసీల్దారు ఆఫీసులో అడంగల్‌కి నకలు రాస్తారు, ఆ నకలుకి ఇంకో నకలు, దానికి ఇంకోటి. ఎక్కడో ఒకచోట సర్వే నంబరులో ఒక అంకె మారుతుంది. లివర్ కణాలు వైరస్ వల్ల, దాని మీద శరీరం చేసే దాడి వల్ల ఏళ్ల తరబడి చస్తూ, కొత్తవి పుడుతూ ఉంటాయి. కొత్త కణం పుట్టిన ప్రతిసారీ డీఎన్ఏకి నకలు రాయాల్సిందే. ఇరవై ముప్పై ఏళ్లు అదే పని జరిగితే తప్పులు పోగుపడతాయి. మధ్యమధ్య మచ్చలు పడి లివర్ గట్టిపడుతుంది, అదే సిర్రోసిస్. హెపటైటిస్ సి దాదాపుగా ఈ దారిలోనే క్యాన్సర్ దాకా తీసుకెళుతుంది.

బి వైరస్‌కి దీనితోపాటు ఇంకో దారి కూడా ఉంది. దాని డీఎన్ఏ ముక్కలు నేరుగా మన కణం డీఎన్ఏలోకి దూరి అతుక్కుపోతాయి. అంటే నకలు రాసే గుమస్తా తప్పు చేయడం కాదు, బయటివాడు రాత్రిపూట వచ్చి రికార్డులో తన పేరు ఎక్కించుకోవడం. అందుకే హెపటైటిస్ బి ఉన్నవాళ్లలో కొందరికి సిర్రోసిస్ రాకుండానే క్యాన్సర్ రావచ్చు. సి విషయంలో అలా జరగడం అరుదు. సి వైరస్ మన డీఎన్ఏలో కలవదు. పన్నెండు వారాల మాత్రలతో నూటికి 95 మందికి పైగా పూర్తిగా పోతుంది. బి అలా పోదు. కణం కేంద్రకంలో ఒక గుండ్రటి డీఎన్ఏ రూపంలో నక్కి ఉంటుంది. టెనోఫోవిర్, ఎంటెకావిర్ లాంటి మందులు దాన్ని అణచి ఉంచుతాయి, క్యాన్సర్ ముప్పును తగ్గిస్తాయి, కానీ ఆ మూలాన్ని పెరికివేయలేవు.

ఈ సంబంధం ఎంత బలమైనదో 1981లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో అచ్చయిన తైవాన్ అధ్యయనం చెప్పింది. 22,707 మంది మగవాళ్లను కొన్నేళ్లపాటు గమనించారు. లివర్ క్యాన్సర్‌తో చనిపోయినవాళ్లు 41 మంది. వాళ్లలో 40 మందికి హెచ్‌బీఎస్ఏజీ పాజిటివ్. లేనివాళ్లతో పోలిస్తే ముప్పు 223 రెట్లు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌కి పొగాకు ముప్పు కూడా ఇంత ఉండదు. పొగాకు పండించే జిల్లా పక్కన కూర్చుని ఈ మాట రాస్తున్నాను.

మన మెట్ట ప్రాంతాలకు సంబంధించిన ఇంకో విషయం కూడా చెప్పాలి. బూజు పట్టిన వేరుశనగలో, మొక్కజొన్నలో అఫ్లటాక్సిన్ అనే విషం ఉంటుంది. అది ఒక్కటే లివర్ క్యాన్సర్ తేగలదు. హెపటైటిస్ బి ఉన్న మనిషి తింటే రెండు ముప్పులూ కలవడం కాదు, ఒకదాన్నొకటి హెచ్చిస్తాయి. "కాయలు కొంచెం చేదుగా ఉన్నా పర్లేదు, నూనె ఆడిద్దాం" అనే ఇళ్లు నాకు తెలుసు.

ఇంట్లో మిగతావాళ్లు

ఒకరికి పాజిటివ్ వస్తే తల్లి, తోబుట్టువులు, భార్య, పిల్లలు అందరికీ పరీక్ష చేయాలి. చెప్పడానికి ఒక్క వాక్యమే. అందరినీ రప్పించడానికి ఫిబ్రవరి నెలంతా పట్టింది.

భార్యకి వైరస్ లేదు, కానీ ఎప్పుడో సోకి తనంతట తానే పోయిన గుర్తులు రక్తంలో ఉన్నాయి, రక్షణ కూడా ఉంది. పదకొండేళ్ల అబ్బాయికి పసితనంలో వేసిన టీకాల రక్షణ ఇంకా ఉంది. పదహారేళ్ల అమ్మాయికి వైరసూ లేదు, రక్షణా లేదు. అదే రోజు మొదటి డోసు వేశాం, నెల తర్వాత ఒకటి, ఆరో నెలలో ఒకటి అని కార్డు మీద రాసిచ్చాం. ఈ పిల్ల టీకా వేయించుకుంటున్న గదిలో మా నర్సుకి తెలియని ఒక సంగతి చెప్పాను. మన దేశంలోనే తయారైన మొదటి రీకాంబినెంట్ (జన్యు సాంకేతికతతో చేసిన) హెపటైటిస్ బి టీకా 1997లో హైదరాబాద్ శాంతా బయోటెక్నిక్స్ నుంచి వచ్చింది, ఆ కంపెనీ పెట్టిన వరప్రసాద్ రెడ్డిది మన నెల్లూరు జిల్లానే. అంతకుముందు దిగుమతి టీకా ధర సామాన్యుడికి అందేది కాదు. ప్రభుత్వ టీకాల పట్టికలో 2002-03లో కొన్నిచోట్ల మొదలై 2011 నాటికి దేశమంతా వచ్చింది. ఈ అన్నదమ్ములు పుట్టినప్పుడు ఇవేవీ లేవు.

తల్లికి 66 ఏళ్లు. పాజిటివ్. వైరస్ చాలా తక్కువ, లివర్ మెత్తగానే ఉంది. ఆమెకి ఏ మందూ అక్కర్లేదు, ఆరు నెలలకోసారి స్కానింగ్ చాలు. కానీ రిపోర్టు విన్నాక ఆమె కదల్లేదు. చెంగు ముడి విప్పి, మళ్లీ కట్టి, మళ్లీ విప్పింది. "నా పాలల్లో పోయిందా సార్ వాడికి?"

పాల వల్ల రాదమ్మా అన్నాను. అది నిజం. హెపటైటిస్ బి ఉన్న తల్లి పాలివ్వచ్చు. పుట్టేటప్పుడు రక్తం వల్ల వచ్చి ఉండవచ్చన్నది కూడా నిజమే, అది చెప్పాలా వద్దా అని ఆలోచిస్తున్నాను. ఈలోగా ఆమే అందుకుంది. పిల్లలు చిన్నప్పుడు ఊళ్లో ఆరెంపీ దగ్గర స్టీలు డబ్బాలో గాజు సిరంజీ ఉండేదట. స్టవ్ మీద ఉడకబెట్టేవాడు. జ్వరాల రోజుల్లో ఉడకబెట్టే తీరిక లేక, వేడినీళ్లలో ముంచి ఒకరి తర్వాత ఒకరికి వేసేవాడు. "ముగ్గురికీ వరసగా ఏపిచ్చినా" అంది. అది కూడా కావచ్చమ్మా అన్నాను. ఎలా వచ్చిందో ఇప్పుడు ఎవరూ తేల్చలేరు. ఆమె సూదినే నమ్మాలనుకుంది, నేను అడ్డుపడలేదు.

తమ్ముడికి 39. ట్రాక్టరు ఉంది. "నాకేం లేదు సార్, ఎద్దులాగా ఉండా" అంటూ మూడుసార్లు తప్పించుకున్నాడు. తల్లి అన్నం మానేస్తానని బెదిరిస్తే వచ్చాడు. పాజిటివ్. వైరస్ 41 వేల యూనిట్లు. ఏఎల్‌టీ 46, అంటే కాస్త ఎక్కువ, అంతే. ప్లేట్‌లెట్లు లక్షా ముప్పై ఒక్క వేలు. ఏఎఫ్‌పీ 9, పూర్తిగా నార్మల్.

స్కానింగ్‌లో లివర్ ముతకగా ఉంది. కుడి భాగం వెనక, కిడ్నీ పక్కన, 2.2 సెంటీమీటర్ల నల్లటి చుక్క. పెద్ద ఉసిరికాయంత కూడా లేదు.

ఏఎఫ్‌పీ ఒక్కటే చూసి పంపేసి ఉంటే ఎద్దులాగే ఇంటికి పోయేవాడు. చిన్న గడ్డల్లో చాలావాటికి ఏఎఫ్‌పీ పెరగదు. అందుకే ఆరు నెలలకోసారి చేయాల్సింది స్కానింగ్, దానికి తోడుగా ఏఎఫ్‌పీ. చైనాలోని షాంఘైలో 18,816 మంది మీద చేసి 2004లో ప్రచురించిన అధ్యయనంలో, ఆరు నెలలకోసారి ఈ రెండూ చేసినవాళ్లలో లివర్ క్యాన్సర్ మరణాలు 37 శాతం తగ్గాయి. సిర్రోసిస్ ఉన్న ప్రతి ఒక్కరికీ ఇది అవసరం. సిర్రోసిస్ లేకపోయినా హెచ్‌బీఎస్ఏజీ పాజిటివ్ ఉన్న మగవాళ్లకి నలభై దాటితే, ఆడవాళ్లకి యాభై దాటితే, ఇంట్లో ఎవరికైనా లివర్ క్యాన్సర్ ఉంటే ఇంకా ముందు నుంచే చేయించాలి.

సీటీలో అన్న గడ్డలాగే వెలిగి, ఆరిపోయింది. రక్తనాళాల్లోకి పాకలేదు, లివర్ పనితనం బాగుంది. చెన్నై పంపించాం. అక్కడ చర్మంలోంచి సూది గుచ్చి మైక్రోవేవ్ వేడితో గడ్డని కాల్చేశారు. రెండో రోజు బస్సులో ఇంటికొచ్చాడు. టెనోఫోవిర్ రోజుకొకటి మొదలుపెట్టాం. 2018లో మొదలైన జాతీయ హెపటైటిస్ కార్యక్రమం కింద ఎంపిక చేసిన ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈ మందు ఉచితం. "బాగుంది కదా అని ఎవరు చెప్పినా ఆపొద్దు, ఆపితే వైరస్ ఒక్కసారిగా తిరగబడుతుంది" అని అతనికీ, ఎందుకైనా మంచిదని అతని భార్యకీ విడిగా చెప్పాను.

అన్న సంగతి

పోర్టల్ సిరలోకి పాకిన గడ్డకి ఆపరేషన్ లేదు. కాల్చడానికీ లేదు, లివర్ మార్పిడికీ లేదు. ఎండోస్కోపీలో అన్నవాహికలో సిరలు బాగా ఉబ్బి ఉన్నాయి, పగిలి రక్తం కారకుండా బ్యాండ్లు వేశారు. శరీర రక్షణ వ్యవస్థని క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే ఇమ్యునోథెరపీ గురించి మాట్లాడుకున్నాం. లివర్ పనితనాన్ని ఎ, బి, సి అని కొలిచే చైల్డ్-ప్యూ లెక్కలో అప్పటికే బి దశలో ఉంది, రక్తస్రావం భయం ఉంది, ఖర్చు లక్షల్లో ఉంది. స్పెషలిస్టు చివరికి లెన్వాటినిబ్ అనే క్యాన్సర్ మందు రోజుకు 8 మిల్లీగ్రాములు, దాంతో టెనోఫోవిర్ ఇచ్చారు. మొదటి మూడు నెలలు కుదుటపడ్డాడు, ఏఎఫ్‌పీ సగానికి పడింది. చెరువు దగ్గరికి పోయి కుర్చీ వేసుకుని కూర్చునేవాడట. తర్వాత అరికాళ్లు పగిలిపోయి నడవలేక మందు తగ్గించాల్సి వచ్చింది. జులైలో కళ్లు పసుపు తేలాయి. నీరు తీయించుకోవడానికి వారానికోసారి వచ్చేవాడు. మొలతాడు తీసేశాడు. ఆగస్టు చివరి వారంలో ఇంట్లోనే పోయాడు. మేం కేసు చూసిన రోజు నుంచి ఏడు నెలలు.

నేను నా ఓపీలో ఒక మార్పు చేసుకున్నాను. జ్వరాల సీజన్‌లో ప్లేట్‌లెట్లు తగ్గినవాళ్ల ఫోన్ నంబర్లు ఒక పుస్తకంలో రాయిస్తున్నాను. మూడు వారాల తర్వాత మా కాంపౌండరు ఫోన్ చేసి రప్పిస్తాడు. అప్పటికీ లక్షన్నర దాటకపోతే హెచ్‌బీఎస్ఏజీ, హెపటైటిస్ సి కోసం యాంటీ హెచ్‌సీవీ, స్కానింగ్. ఎక్కువమందికి ఏమీ ఉండదు, "ఊరికే పిలిచినారు" అని విసుక్కుంటారు. గల్ఫ్ మెడికల్ గురించి మాత్రం ఇప్పుడు అందరినీ అడుగుతున్నాను. "ఎప్పుడన్నా కువైట్‌కి అప్లై చేసినావా?" అని జ్వరానికొచ్చినవాణ్ని అడిగితే వింతగా చూస్తారు.

కాల్చేసిన లివర్‌లో మళ్లీ గడ్డ రావడం మామూలే. మిగతా లివర్‌కి చరిత్ర ఒకటే కదా. ఐదేళ్లలో నూటికి డెబ్బై మంది దాకా అలా జరుగుతుంది. తమ్ముడికి మూడు నెలలకోసారి స్కాన్ చేస్తున్నాం. 2025 వేసవిలో ఇంకో చోట 1.4 సెంటీమీటర్ల చుక్క కనిపించింది. మళ్లీ చెన్నై వెళ్లి కాల్పించుకొచ్చాడు. ఈసారి ట్రాక్టరు పని ఆగింది మూడు రోజులే. రక్తంలో వైరస్ ఇప్పుడు కనిపించడం లేదు.

వాళ్లక్కని కొండపి వైపు ఇచ్చారు. 46 ఏళ్లు. తల్లి పాజిటివ్, ఇద్దరు తమ్ముళ్లు పాజిటివ్. ఆమెకి పరీక్ష ఇంకా కాలేదు. అత్తగారింట్లో తెలిస్తే కూతురి సంబంధం చెడుతుందని భయం. వేరే ఊళ్లో, వేరే ల్యాబ్‌లో చేయిద్దాం, ఎవరికీ తెలియదని మా నర్సు కూడా మాట్లాడింది. పోయిన పెద్ద తమ్ముడి కర్మకి వచ్చినప్పుడు నేనే అడిగాను. పొగాకు వేలం అయిపోయాక వస్తానంది. ఆ తర్వాత రెండుసార్లు వేలం అయిపోయింది. మొన్న తమ్ముడు స్కానింగ్‌కి వచ్చినప్పుడు "అక్క ఏమంది?" అని అడిగాను. బల్ల మీద పడుకుని, పొట్ట మీద జెల్లు చల్లదనానికి ముడుచుకుంటూ, "ఫోన్ ఎత్తడం లేదు సార్" అన్నాడు.